రోజుకు రెండుసార్లు గాలి

ఇస్సాకు చేతిలో ఒక విద్య ఉండేది. పంక్చరైన ట్యూబును నీళ్ళ తొట్టెలో ముంచకుండానే, మూతి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ చిల్లు ఎక్కడుందో చెప్పేసేవాడు. పై పెదవికి సన్నగా గాలి తగిలిన చోట సుద్దముక్కతో గీత గీసి, "ఇదిగో, దొంగ ఇక్కడ దాక్కున్నాడు" అనేవాడు. రేపల్లె అవతల వాళ్ళ ఊళ్ళో, మిషను బడి ఎదురుగా పద్దెనిమిదేళ్ళు సైకిల్ షాపు నడిపాడు. బడిపిల్లల కోసం గాలి పంపు ఎప్పుడూ బయటే పెట్టి ఉంచేవాడు. ఎవరికి కావలసిన గాలి వాళ్ళు కొట్టుకుని పోవచ్చు, అడగక్కర్లేదు.

అలాంటి మనిషి మాగ్డెబర్గ్‌లో ఒక చిల్లును నెల రోజులకు పైగా కనిపెట్టలేకపోయాడు.

భార్య మిరియం నర్సు. ఆమెకు ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం దొరికితే, ఆమె వెనకాల ఇస్సాకు, కూతురు ఎలీనా వచ్చారు. ఎలీనాకు ఏడేళ్ళు. వచ్చిన ఏడాదికే జర్మన్‌లో కలలు కనడం మొదలుపెట్టింది. ఇస్సాకుకు మాత్రం ఆ భాష నోట్లో సున్నం ముద్దలా అడ్డం తిరిగేది. అందుకని ఇల్లు తను పెట్టుకున్నాడు. వంట, బట్టలు, పిల్లను బడికి దింపడం, ఉదయం సాయంత్రం ప్రార్థన. "మా ఆయన చేతిలో ఇల్లు గుడిలా ఉంటుంది" అని మిరియం తోటి నర్సులతో చెప్పుకునేది. ఆ మాట ఇస్సాకు చెవిన పడ్డప్పుడల్లా ఆ రోజు గిన్నెలు రెండుసార్లు తోమేవాడు.

కరోనా వచ్చిన ఏడాది అక్టోబరు చివర్లో వాళ్ళు ఫ్రావ్ ఉల్మాన్ ఇంటి మేడమీదికి మారారు. ఆవిడకు డెబ్భై తొమ్మిది. భర్త హోర్స్ట్ పోయి ఆరేళ్ళయింది. కింద ఆవిడ, పైన వీళ్ళు, ఇద్దరి ఇళ్ళకూ కలిపి నేలమాళిగలో ఒకటే బాయిలర్. దాన్ని హోర్స్ట్ స్వయంగా, తన చేతికింద పనివాడు రాబేను పెట్టుకుని బిగించాడట. అది కాచిన వేడి నీళ్ళు గొట్టాల వెంట పైకి పాకి, ప్రతి గదిలో కిటికీ కింద ఉన్న ఇనప రేడియేటర్లలో తిరిగి, చల్లబడి కిందికి పోతాయి. బాయిలర్ రేకు మీద హోర్స్ట్ పెన్సిలుతో ఏటా సర్వీసు చేసిన తేదీ రాసేవాడు. ఆయన పోయాక ఆ గీతల కిందే రాబే రాస్తూ వచ్చాడు.

ఇంట్లో దిగిన రోజు ఫ్రావ్ ఉల్మాన్ నాలుగు తాళంచెవులు ఇచ్చింది. వీధి తలుపుది, మేడ తలుపుది, ఉత్తరాల పెట్టెది. నాలుగోది బొటనవేలంత ఇత్తడి ముక్క. దాన్ని రేడియేటర్ పక్కనున్న చిన్న మరకు తగిలించి తిప్పి చూపించింది. 'సుస్స్' మని గాలి వచ్చింది, రెండు చుక్కల నీళ్ళు రాలాయి, మళ్ళీ బిగించేసింది. ఏదో చెప్పింది కూడా. ఇస్సాకుకు మాట అందలేదు గాని ఆ చప్పుడు అందింది. పరాయి దేశంలో మొదటిసారి తనకు తెలిసిన చప్పుడు విన్నాడు.

నాలుగు రోజుల తర్వాత, ఎలీనా బడికి వెళ్ళాక, తలుపుకు ఒక చీటీ అంటించి ఉంది. గుండ్రటి అక్షరాలు, చివర ఒక పువ్వు బొమ్మ. ఇస్సాకు దాన్ని ఫోటో తీసి సాయితేజకు పంపాడు. సాయితేజ కరీంనగర్ కుర్రాడు, ఇక్కడ యూనివర్సిటీలో ఎమ్మెస్. సామాన్లు మోయడానికి వచ్చినవాడు.

"అన్నా, ఏం లేదు. పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఒకసారి ల్యూఫ్టెన్ చెయ్యాల్నంట. అంటే గాలి వదలాలె. కరోనా గదా, మస్తు ఇంపార్టెంట్ అని రాసింది."

"గాలి వదలడమా? ఆ రోజు ఇత్తడి చెవితో తిప్పి చూపించింది, అదేనా తమ్ముడూ?"

"చూపించిందా? ఇంకేంది మరి! అట్లనే చెయ్యి. అన్నా, నాకు ఆన్‌లైన్ క్లాస్ సురూ అయింది, మల్ల చేస్తా."

అంతే. ఆ మర్నాటినుంచి ఇస్సాకు ఉదయం ప్రార్థన ముగించి ఆమెన్ అనగానే స్టీలు గ్లాసు, ఇత్తడి చెవి పట్టుకుని బయలుదేరేవాడు. అయిదు గదుల్లో అయిదు రేడియేటర్లు. గ్లాసు కింద పెట్టి మర తిప్పితే ముందు గాలి బుస, తర్వాత నల్లటి నీళ్ళు. ఇనుము కంపు. 'అబ్బ, ఎంత మురికి!' అనుకుని ఇంకాస్త వదిలేవాడు. సాయంత్రం, పిల్ల బడినుంచి రాకముందే, మళ్ళీ. ఈ దేశంలో తన చేతికి తెలిసిన పని ఒకటి దొరికిందని దేవునికి స్తోత్రం కూడా చెప్పుకున్నాడు. బయట చలి కాబట్టి కిటికీలు మాత్రం గట్టిగా బిగించి ఉంచేవాడు. పిల్ల ఉన్న ఇల్లు మరి.

అయిదో రోజున బాయిలర్ ఆగిపోయింది.

రాబే వచ్చాడు. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, వంగిన వీపు, నీలం పని చొక్కా, మాస్కు పైన తెల్లటి కనుబొమలు. నీటి ఒత్తిడి చూపించే ముల్లు పడిపోయి ఉంది; గొట్టాల్లో నీళ్ళు తగ్గితే బాయిలర్ దానంతటదే ఆగిపోతుంది. పంపు నీళ్ళు కలిపి నింపి, మళ్ళీ వెలిగించాడు. ఎక్కడైనా కారుతోందేమోనని మేడమీదికి వచ్చి ప్రతి గొట్టం అతుకూ వేలితో తడిమి చూశాడు. ఎక్కడా తడి లేదు. వెళుతూ వెళుతూ గోడ మూలలో చెమ్మ చూసి అడిగాడు.

"ల్యూఫ్టెన్?"

ఇస్సాకు ఛాతీ విరుచుకుని, "యా, యా! రోజూ! రెండుసార్లు!" అని తనకొచ్చిన జర్మన్‌లో వేళ్ళు చూపించాడు.

"ఫోర్‌బిల్ట్‌లిష్!" అన్నాడు రాబే. ఆదర్శంగా ఉన్నావు అని దానికి అర్థమని ఎలీనా చెప్పింది. ఇస్సాకు పొంగిపోయి, అల్లం, యాలకులు దంచి వేసి టీ పెట్టి, కరోనా రోజులు గనక మెట్లమీద పెట్టి తను వెనక్కి జరిగాడు. రాబే ఆ గ్లాసు మెట్టు మీద కూర్చుని ఖాళీ చేశాడు.

మళ్ళీ అయిదు రోజులకు ఆగింది. మళ్ళీ రాబే. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ తడమడం, మళ్ళీ టీ. కొత్త నీళ్ళు పోసినప్పుడల్లా వాటితోపాటు కొత్త గాలి కూడా గొట్టాల్లోకి చేరుతుంది. దాంతో మర తిప్పితే ముందటికన్నా పెద్ద బుస. 'చూశావా, ఎంత గాలి పట్టిందో! నేను వదలకపోతే ఏమయ్యేది?' అనుకుని ఇస్సాకు మరింత శ్రద్ధగా వదిలేవాడు.

మూడోసారి ఆగినరోజు బయట మంచు పట్టింది. ఫ్రావ్ ఉల్మాన్ రొప్పుతూ మెట్లెక్కి, ఒక కరెంటు హీటరు తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఎలీనా తర్జుమా చేసింది: "చిన్నపిల్ల ఉంది కదా అంటోంది. ఆమె దగ్గర ఇంకొకటి ఉందట."

"దేవుడు మిమ్మల్ని దీవించాలమ్మా" అని ఇస్సాకు తెలుగులోనే దండం పెట్టాడు. ఆవిడకు అర్థమైనట్టే తల ఊపింది.

నవంబరు మధ్యలో ఆసుపత్రినుంచి మిరియం జ్వరంతో వచ్చింది. ఇద్దరికీ పాజిటివ్. ఎలీనాకు ఏమీ రాలేదు గాని ముగ్గురూ పద్నాలుగు రోజులు గడప దాటకూడదు. ఇస్సాకు మంచం మీంచి లేవలేకపోయాడు. ఇత్తడి చెవి మేకుకు వేలాడుతూనే ఉంది. ఆ రోజుల్లో పొద్దున్నే తలుపు పిడికి ఒక గుడ్డసంచి వేలాడేది. ఒకరోజు రొట్టె, ఒకరోజు ఆపిల్ పళ్ళు, ఒకరోజు పిల్లకు ఉన్ని మేజోళ్ళు. సంచి తగిలించి, ఒకసారి తలుపు తట్టి, ఆవిడ చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయేది. మిరియం దుప్పటిలోంచి, "మా పెద్దమ్మ ఇంత చెయ్యదండీ" అంది.

ఆ పద్నాలుగు రోజులూ బాయిలర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఫ్రావ్ ఉల్మాన్ ఎలీనాకు ఫోన్లో, రాబే చివరికి రోగం కుదిర్చాడనీ, హోర్స్ట్ నేర్పిన చెయ్యి ఊరికే పోదనీ సంబరంగా చెప్పింది.

ఒళ్ళు తేలికపడి లేచిన రోజు ఇస్సాకుకు మొదట గుర్తొచ్చింది గాలి. 'రెండు వారాలు ఆవిడ చెప్పిన ఒక్క పనీ చెయ్యలేదు. అంత చేసిన మనిషికి!' అని నొచ్చుకున్నాడు. ఆ బాకీ తీర్చాలని ఒక్కో రేడియేటర్‌కూ రెండేసి గ్లాసులు వదిలాడు.

క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిది అది. ఫ్రావ్ ఉల్మాన్ బల్లమీద మొదటి కొవ్వొత్తి వెలిగించుకున్న మధ్యాహ్నమే బాయిలర్ చల్లబడింది. రాబే చర్చి బట్టల్లోనే వచ్చి నింపి వెళ్ళాడు. మంగళవారానికి మళ్ళీ ఆగింది. ఆ రోజు ఇస్సాకు మెట్లమీద టీ పెట్టి నిలబడి ఉండగా కింద ఆవిడ గొంతు లేచింది. అంత గట్టిగా మాట్లాడగలదని అతనికి అప్పటిదాకా తెలియదు. హోర్స్ట్ అన్న పేరు వినిపించింది. ఆ వెనకే ఇంకో మాట. రాబే నీళ్ళు నింపడం ముగించి, బాయిలర్ వెలిగించాడు. పనిముట్ల పెట్టె మూసి, మెట్ల వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. టీ మీద మీగడ కట్టింది.

"ఏమందమ్మా?" అని ఇస్సాకు ఎలీనాను అడిగాడు.

"రాబేతో, నిన్ను చూసి హోర్స్ట్ సిగ్గుపడేవాడు అంది. ఇంక రావద్దంది. గురువారం కొత్త కంపెనీ వాళ్ళొచ్చి ఈ బాయిలర్ పీకేసి కొత్తది పెడతారట."

ఆ సాయంత్రం ఎలీనా హీటరు ముందు కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. ఇస్సాకు అదే గదిలో రేడియేటర్ దగ్గర వంగి గ్లాసు పెట్టి మర తిప్పాడు.

"పాపా, ఏం చేస్తున్నావ్?" అంది ఎలీనా. ఇక్కడి బడిపిల్లల్లాగే తండ్రిని అలా పిలవడం నేర్చుకుంది.

"ల్యూఫ్టెన్, తల్లీ."

పిల్ల పెన్సిలు కింద పెట్టింది. ఒక క్షణం చూసి, పడీ పడీ నవ్వింది. లేచి వెళ్ళి కిటికీ బార్లా తెరిచింది. చలిగాలి ముఖం మీద కొట్టింది. "పాపా, *ఇదీ* ల్యూఫ్టెన్! మా బడిలో టీచర్ ఇరవై నిమిషాలకోసారి ల్యూఫ్టెన్ అని అరుస్తుంది, మేం కిటికీలు తీసి కోట్లు తొడుక్కుంటాం. కరోనా బయటికి పోవాలని. నువ్వు చేసేది ఎంట్‌ల్యూఫ్టెన్, రేడియేటర్‌లోంచి గాలి తీసెయ్యడం. అది వేరే. అది ఏడాదికి ఒక్కసారి."

ఇస్సాకు గ్లాసు వంక చూశాడు. సగం దాకా నల్లటి నీళ్ళు. ముల్లు ఎందుకు పడిపోతోందో, తను మంచాన ఉన్న పద్నాలుగు రోజులు ఎందుకు పడిపోలేదో, అంతా ఆ గ్లాసులోనే ఉంది. పద్దెనిమిదేళ్ళు దొంగను పట్టిన పెదవికి ఈ దొంగ తగల్లేదు. దొంగ తనే.

మర బిగించి, ఇత్తడి చెవిని జేబులో వేసుకున్నాడు.

బుధవారం రోజంతా బాయిలర్ చక్కగా పనిచేసింది. ఇక గాలి వదలకపోతే ఎప్పటికీ పనిచేస్తుంది. నోరు మెదపకపోతే చాలు. గురువారం కొత్తది వస్తుంది, ఆవిడ సంతోషిస్తుంది, ఎవరికీ తెలియదు. చెబితే ఆవిడ ఇల్లు ఖాళీ చెయ్యమంటే? ఈ ఇల్లు దొరకడానికే ఏడు నెలలు పట్టింది. ఇంకోసారి ఎవరైనా మనవాళ్ళు అద్దెకడిగితే, వద్దుబాబోయ్ అంటే? అన్నం వారుస్తూ ఇలా తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. కాని రాబే వంగిన వీపు గంజితోపాటు కళ్ళముందు కదులుతూనే ఉంది. ప్రార్థనకు మోకరిస్తే 'తండ్రీ' అన్న మాట దాటి ముందుకు పోలేకపోయాడు. 'మా అపరాధాలు' అని రోజూ అందరి తరఫునా కలిపి అనే నోటికి 'నా' అనడం ఇంత బరువా అనుకున్నాడు.

మధ్యాహ్నం తలుపు పిడికి గుడ్డసంచి వేలాడింది. వాల్‌నట్లు. ఆవిడ తన చేత్తో పగలగొట్టి, పప్పు తీసి పెట్టింది.

మిరియం డ్యూటీనుంచి వచ్చి బూట్లు విప్పుతుండగానే చెప్పేశాడు. ఆమె ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే విన్నది.

"పంక్చర్లు వేసే మనిషి పంక్చరు పెట్టొచ్చాడన్నమాట" అంది చివరికి.

"నవ్వులాటగా ఉందా నీకు?"

"లేదండీ. ఏడుపొస్తోంది, అందుకని. మరి ఆవిడతో చెప్పారా?"

"పొద్దుట్నుంచీ దేవుడితో చెబుదామనే చూస్తున్నా, నోరు రావట్లేదు."

"ఆయనకు తెలియంది ఏముందండీ! మీరు గ్లాసు పట్టుకు తిరిగిన మొదటి రోజే తెలుసు. తెలియనిది కింద ఆవిడకి. ముందు అక్కడికి దిగండి, ఇక్కడ నోరు అదే వస్తుంది."

ఇస్సాకు ఎలీనాను కూర్చోబెట్టుకుని చెప్పాల్సిన మాట నేర్చుకున్నాడు. "నా వల్ల పొరపాటు జరిగింది, క్షమించండి" అని పిల్ల నేర్పింది. అది అతనికి నచ్చలేదు. పొరపాటు ఎక్కడో దానంతటది జరిగినట్టుంది. "చిల్లును ఏమంటారు?" అని అడిగాడు. "లోఖ్." "అయితే, నేనే ఆ చిల్లు అని చెప్పడం నేర్పు." "పాపా, అలా ఎవరూ అనరు!" "అనకపోతే పోనీ. నేర్పు."

ఆరు గంటలకు ముగ్గురూ మాస్కులు పెట్టుకుని దిగారు. ఇస్సాకు ఒక చేత్తో హీటరు, ఇంకో చేత్తో నల్లనీళ్ళ గ్లాసు పట్టుకున్నాడు. ఫ్రావ్ ఉల్మాన్ తలుపు తీసింది. తీయగానే లోపలిది కనిపించింది. వంటింట్లో, పొయ్యి పక్కన మంచం. దానిమీద రెండు దుప్పట్లు, వాటిమీద మగవాళ్ళ పాత ఓవర్‌కోటు. ఇంకో హీటరు ఎక్కడా కనిపించలేదు. బాయిలర్ ఆగిన ప్రతిసారీ ఆవిడ పొయ్యి వేడికి అక్కడే పడుకుందన్నమాట.

హీటరు కింద పెట్టి, గ్లాసు చూపించి, జేబులోంచి ఇత్తడి చెవి తీసి అరచేతిలో పెట్టుకుని అన్నాడు: "ఇష్ బిన్ దాస్ లోఖ్."

ఆవిడ అర్థంకాక ఎలీనా వైపు చూసింది. పిల్ల గబగబా అంతా చెప్పింది. చీటీ, సాయితేజ, గ్లాసు, అన్నీ.

"రోజూనా?" అంది ఆవిడ.

"రెండుసార్లు" అన్నాడు ఇస్సాకు తల దించుకుని.

ఆవిడ మాస్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఆఖ్, రాబే" అని గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడింది.

తర్వాత ఆవిడ చెప్పినదాన్ని ఎలీనా చిన్న గొంతుతో తెలుగులోకి మార్చింది. "నువ్వు తెలియక చేశావు. రాబేను నేను ఏమంటున్నానో తెలిసే అన్నాను. హోర్స్ట్ పోయే ముందు ఈ ఇంటిని అతనికే అప్పజెప్పాడు."

తన తప్పు దించుకుందామని వస్తే, ఆవిడ నెత్తిన ఇంకొకటి పెట్టినట్టయింది. మిరియం వెళ్ళి, దూరం పాటించాలన్న సంగతి మరిచి, ఆవిడ పక్కన కూర్చుంది. నర్సు చెయ్యి కదా, మెల్లగా వీపు మీద పడింది.

కొత్త కంపెనీకి రావద్దని ఆవిడ అప్పటికప్పుడే ఫోన్ చేసింది. రాబేకు చేసేముందు మాత్రం చాలాసేపు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీళ్ళు పైకి వచ్చేశారు. ఆ మాటలు వినడం మర్యాద కాదు.

శుక్రవారం పొద్దున రాబే వచ్చాడు. ఇస్సాకు నేలమాళిగ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రాబే ముల్లు చూసి, నీళ్ళు సరిచేసి, బాయిలర్ రేకు మీద హోర్స్ట్ రాతల కింద, తన రాతల కింద, పెన్సిలుతో తేదీ వేశాడు. దాని పక్కన రెండు మాటలు. ఎలీనా చదివింది: "లోపం లేదు."

"లోపం నాది. క్షమించండి" అన్నాడు ఇస్సాకు. ఇది ఎలీనా కొత్తగా నేర్పిన వాక్యం, తప్పులు లేకుండా.

రాబే అతని వైపు చూశాడు. ఆ చూపులో కోపం పూర్తిగా పోలేదు. పోవాలని ఇస్సాకు కోరుకోనూ లేదు. పెన్సిలు చెవి వెనక పెట్టుకుంటూ రాబే ఏదో అన్నాడు.

"ల్యూఫ్టెన్ చేస్తున్నావా అని నేనే అడిగాను, ఎలా చేస్తున్నావని అడగలేదు అంటున్నాడు" అంది ఎలీనా.

మెట్టు మీద టీ పొగలు కక్కుతోంది. రాబే గ్లాసు తీసుకుని, మాస్కు దించి, ఒక గుక్క తాగి ఆగాడు. ఎలీనాతో ఇంకేదో చెప్పాడు. పిల్ల తండ్రి వైపు దొంగచూపు చూసింది.

"ఏంటమ్మా, చెప్పు."

"చక్కెర చాలా ఎక్కువట, పాపా. మొదటిరోజు నుంచీ. ఆయనకు షుగర్ ఉందట. నువ్వు అంత ప్రేమగా ఇస్తున్నావని తాగేవాడట."

ఇస్సాకు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. నాలుగు గ్లాసులు. ఒక్కోదాంట్లో మూడేసి చెంచాలు. గబుక్కున చెయ్యి చాచి ఆ గ్లాసు వెనక్కి తీసేసుకున్నాడు. చక్కెర లేకుండా ఇంకోటి పెట్టి తెస్తానని సైగలతో చెప్పి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకి పరుగెత్తాడు. పాలు పొయ్యిమీద పెట్టి, అవి పొంగేలోగా వంటింటి కిటికీ బార్లా తెరిచాడు.